సీ-ఏడు కుర్చీ సంపూర్ణ చరిత్ర

“ప్రొద్దుటూరుకు బంగారం ఉండాది. బట్టలుండాయి. నూనె ఉండాది. తక్కువైందల్లా చరిత్ర ఒక్కటే. దాన్ని గూడా వచ్చే నెల పదైదో తేదీలోగా ఇచ్చేస్తాండాం.”

రాయలసీమ వినోద వారసత్వ మండలి ఛైర్మన్ ఎర్రగుడి మహేష్ రెడ్డి గారు ఈ ప్రకటన చేసినప్పుడు నేను ఆయన వెనక, కాస్త ఎడమగా, ఫోటోలో సగం చెవి మాత్రమే పడే చోట నిలబడి ఉన్నాను. మూతబడిన పినాకినీ మహల్ గేటు ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ మాట విని విలేకరులందరూ చలించిపోయారు. కొందరు నీడలోకి కూడా చలించారు.

“నెల రోజుల్లో చరిత్ర అవుతుందా సార్?” అని ఒక కుర్ర విలేకరి అడిగాడు.

“యాల కాదప్పా? జరగాల్సిందంతా జరిగిపోయిండాది. ఇంక రాసేదే గదా. రాసే అయ్యోరు గూడా ఈడనే ఉండాడు” అని ఛైర్మన్ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. అప్పుడు నా రెండో చెవి కూడా ఫోటోలో పడింది.

ఆ అయ్యవారిని నేనే. పేరు అనంతరామయ్య. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మహేష్ రెడ్డి గారికి తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పింది నేనే. ఆయన్ని పదో తరగతిలోకి పంపిందీ నేనే. ఆనాటి జవాబు పత్రాన్ని, మార్కుల లిస్టును పక్కపక్కన పెట్టి చూసినవారెవరైనా చరిత్ర రాయడానికి నాకన్నా తగినవాడు లేడని ఒప్పుకుంటారు.

పినాకినీ మహల్ గురించి ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కరలేదు. అరవై ఏళ్ళ కింద నూనె మిల్లు శెట్టిగారు ఒకాయన కట్టించారు. కింద కడప బండలు, పైన సున్నపు పూలు, నడుమ పదకొండు వందల నలభై సీట్లు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ. గేట్లు రెండు. పడమటి గేటు జమ్మలమడుగు వాళ్ళకు, దక్షిణపు గేటు వేంపల్లె, పులివెందుల వాళ్ళకు. ఇద్దరూ ఒకే గేటులో ఎదురుపడితే సినిమా బయటే మొదలవుతుందని శెట్టిగారికి ముందే తెలుసు.

రాత్రి ఆటలో కథ రసపట్టులో ఉండగా తెర మీద “దువ్వూరు ఆఖరి బస్సు బయలుదేరుచున్నది” అని చేత్తో రాసిన గాజు స్లైడు పడేది. నేలలో సగం మంది లేచి పరుగెత్తేవారు. దువ్వూరు పక్క పల్లెల్లో ఒక తరం మొత్తానికి ఏ సినిమా ఎలా ముగిసిందో తెలియకుండా పోయింది. ఇదంతా నేను మొదటి అధ్యాయంలో రాశాను. ఛైర్మన్ గారు చదివి, “బస్సులు ఆర్టీసీ వాళ్ళ సబ్జెక్టు గదా అయ్యోరూ” అన్నారు. తీసేశాను.

హాలు మూతబడి రెండేళ్ళయింది. శెట్టిగారి వారసులు దాన్ని నగల దుకాణానికి ఇవ్వబోతున్నారన్న మాట బజార్లో ఉంది. సరిగ్గా ఆ సమయంలో ఛైర్మన్ గారి మనసులో చరిత్ర పుట్టింది. పదిహేనో తేదీన ఆయన తాతగారి, అంటే ఎర్రగుడి ఓబుళరెడ్డి గారి, శతజయంతి కావడం కేవలం కాకతాళీయం.

మర్నాడు పరిశీలనకు వెళ్ళాం. ఛైర్మన్ గారు, నేను, విజయవాడ నుంచి వచ్చిన డిప్యూటీ డైరెక్టర్ పావని గారు. తాళం తీసింది ఖైరున్నీసా.

ఖైరున్నీసా ముప్పై ఎనిమిదేళ్ళు లేడీస్ గేటులో టికెట్లు చించిన మనిషి. హాలు మూతబడగానే ఆపరేటరు వెళ్ళిపోయాడు, మేనేజరు కాలం చేశాడు, క్యాంటీనువాడు యర్రగుంట్లలో బజ్జీల బండి పెట్టుకున్నాడు. ఆమె మాత్రం లేడీస్ కౌంటరు వెనకున్న గదిలోనే ఉండిపోయింది. వెళ్ళడానికి ఆమెకు ఇంకో గది లేదు. రోజూ పొద్దున హాలు ఊడ్చేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు.

“రెడ్డీ, ఒక మాట అడుగుతా” అంది తాళంచెవుల గుత్తి చేత్తో పట్టుకుని. “ఇది నగలంగడి అయితే నా గది పోతాది. చరిత్ర అయితే ఉంటాదా?”

“ఏం మాట్లాడతాండావమ్మా? ఇది చరిత్ర అయితే నీ గది గూడా చరిత్రే!”

“అయితే చరిత్రే కానియ్యి నాయనా. అట్లనే ఒక స్టూలు ఇప్పియ్యి. మోకాళ్ళు శానా నొస్తాండాయి.”

స్టూలు సంగతి కొంచెం పాతది. ఆమె శెట్టిగారిని మూడుసార్లు అడిగింది. గేటు మనిషి కూర్చుంటే గేటుకు గౌరవం ఉండదని ఆయన మూడుసార్లూ చెప్పారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఆమె నిలబడే టికెట్లు చించింది.

“రాసుకోండి మేడమ్. స్టూలు ఒకటి” అన్నారు ఛైర్మన్ గారు. పావని గారు రాసుకున్నారు.

బాల్కనీ ఎక్కాం. ఎలుకలు తమ వంతు పరిరక్షణ అప్పటికే పూర్తి చేసి ఉన్నాయి. రెక్సిన్ చిరిగి, కొబ్బరిపీచు బయటపడి, కుర్చీలన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. మూడో వరసలో ఏడో కుర్చీ, సీ-ఏడు, ఒక్కటే చెక్కుచెదరలేదు. దాని చేతి మీద ‘రిజర్వుడు’ అని చిన్న ఇత్తడి రేకు. ఆ సీటు ఏనాడూ అమ్మలేదని, హాలు నిండి జనం మెట్ల మీద కూర్చున్న రోజుల్లో కూడా దాన్ని ఖాళీగానే ఉంచేవారని ఊరందరికీ తెలుసు. ఎవరి కోసమో అడిగిన మగవాడు లేడు.

ఛైర్మన్ గారు వంగి చూశారు. సీటు మధ్యలో మనిషి కూర్చున్న గుంట. వీపు ఆనుకునే చోట, తల తగిలే దగ్గర, నల్లగా మెరుస్తున్న నూనె మరక.

“తాతా!” అన్నారు ఛైర్మన్ గారు. “ఇది మా తాత తల అయ్యోరూ!”

పావని గారు మరకను వాసన చూశారు. “కొబ్బరినూనె. కరివేపాకు కూడా ఉన్నట్టుంది.”

“మా తాత అదే పెట్టుకునేటోడు మేడమ్!”

ఓబుళరెడ్డి గారిని నేను చిన్నప్పటి నుంచి చూశాను. నాకు తెలిసినంతలో ఆయనది బట్టతల. అయితే బట్టతలకు నూనె రాసుకోకూడదని ఏ శాసనంలోనూ లేదు కాబట్టి నేను కూడా తల ఊపాను. ఖైరున్నీసా ఏదో అనబోయి, కొంగు తల మీదికి లాక్కుంది.

ఆ రోజు నుంచి నా పుస్తకం దారి మారింది. పినాకినీ మహల్ చరిత్ర కాస్తా సీ-ఏడు చరిత్ర అయింది. పదకొండు వందల ముప్పై తొమ్మిది సీట్లకు నాలుగు పేజీలు, సీ-ఏడుకు నాలుగు వందల పేజీలు కేటాయించాం. ఓబుళరెడ్డి గారు ఏ సినిమాకు కంటతడి పెట్టారో, ఏ పాటకు వేలితో తాళం వేశారో, ఏ కథ చూసి జమ్మలమడుగు వెళ్ళగానే బోరు వేయించారో అన్నీ రాశాను. ఆధారాలు ఛైర్మన్ గారే సాయంత్రాల పూట ఫోన్లో చెప్పేవారు.

పత్రికల్లో కుర్చీ ఫోటో పడింది. మర్నాడే వేంపల్లెలో కొత్తకోట హర్షారెడ్డి గారు ప్రెస్ మీట్ పెట్టారు.

హర్షారెడ్డి గారి ఫ్లెక్సీల మీద పన్నెండేళ్ళుగా ‘కాబోయే ఎమ్మెల్యే’ అని ఉంటోంది. అంత నిలకడగల పదవి ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు. వారి తాతగారు పీరారెడ్డి గారికీ, ఓబుళరెడ్డి గారికీ ముప్పై ఏళ్ళు మాటల్లేవు. మనవళ్ళిద్దరూ మాత్రం ఇప్పుడు ఒకే పార్టీలో ఉన్నారు. ఇంతకు ముందు కూడా ఒకే పార్టీలో ఉండేవారు. అది వేరే పార్టీ.

“సీ-ఏడు మా తాతది!” అన్నారు హర్షారెడ్డి గారు బల్ల గుద్ది. “మా తాత పీరారెడ్డి నెత్తికి నూనె లేకుండా గడప దాటినోడు గాదు. ఆ మరక మాది. పరాయోళ్ళ మరకను మా తాతదని యాడా చెప్పలేదు మేము. మా మరకను వాళ్ళది అంటే ఊరుకునేది లేదు!”

రెండు రోజుల్లో కుర్చీకి ఇద్దరు కానిస్టేబుళ్ళు కాపలా వచ్చారు. నాలుగు రోజుల్లో ప్రొద్దుటూరు నాలుగు రోడ్ల కూడలిలో ఎదురెదురుగా రెండు ఫ్లెక్సీలు లేచాయి. ఒకదాంట్లో ఓబుళరెడ్డి గారు సీ-ఏడులో కూర్చుని ఉన్నారు. రెండోదాంట్లో పీరారెడ్డి గారు సీ-ఏడులో కూర్చుని ఉన్నారు. రెండూ అతికించింది ఒకే ఫ్లెక్సీ షాపువాడు. అందుకే కాళ్ళు ఒకేలా ఉన్నాయి.

శాంతిభద్రతల దృష్ట్యా విచారణ జరపాలని పై నుంచి ఉత్తర్వులు వచ్చాయి. విచారణాధికారి పావని గారు. సాక్షులు ఎవరని చూస్తే, ఆ హాల్లో పనిచేసి ఇంకా ఇక్కడే ఉన్నది ఒక్క ఖైరున్నీసానే.

విచారణ ముందురోజు పొద్దున మహేష్ రెడ్డి గారు ఆమె గదికి వెళ్ళారు. “అమ్మా, మా తాతే అని చెప్పు. గది నీదే.” సాయంత్రం హర్షారెడ్డి గారు వెళ్ళారు. “అమ్మా, మా తాతే అని చెప్పు. గది నీదే.” ఉన్నది ఒక్క గదే అయినా ఒక్కరోజులో అది రెండుసార్లు ఆమెదైంది.

హర్షారెడ్డి గారు వెళ్ళాక నేను వెళ్ళాను. మూడో అధ్యాయానికి నాకు చిన్న సందేహం ఉంది. ఓబుళరెడ్డి గారు ఏ గేటులో వచ్చేవారు అన్నది. ఆమె టీ పెట్టి, గ్లాసు నా చేతికిచ్చి, గడపకు ఆనుకుని నిలబడింది. కూర్చోవడం అలవాటు లేని మనిషి.

“ఏ గేట్లోనూ రాలేదు అయ్యోరూ.”

“అంటే?”

“ఓబుళరెడ్డీ రాలేదు, పీరారెడ్డీ రాలేదు. మేనేజరు మహా తెలివైనోడు. జమ్మలమడుగోళ్ళు వస్తే ‘అది ఓబుళరెడ్డి గారి కుర్చీ’ అనేటోడు. వేంపల్లోళ్ళు వస్తే ‘అది పీరారెడ్డి గారి కుర్చీ’ అనేటోడు. ఇద్దరూ దూరం నుంచే దండం పెట్టి పోయేటోళ్ళు. గలాటా లేదు.”

“ఒక్కరోజైనా వచ్చి ఉండరా?”

“ఏం మాట్లాడతాండావు అయ్యోరూ! చీకట్లో, వీపెనక అంతమందిని కూచోబెట్టుకోని మూడు గంటలు తెర పక్క చూసే రెడ్డి ఆ కాలంలో యాడుండాడు?”

నిజమే. ఆ ఇద్దరు పెద్దలూ పెళ్ళి విందులో కూడా గోడకు వీపు ఆనించి కూర్చునేవారు. బంతిలో వెనక ఎవరైనా నిలబడితే అన్నం కలిపేవారు కాదు. అరవై ఐదేళ్ళుగా ఇక్కడే పుట్టి పెరిగి, మూడు వందల పేజీలు రాసి, నాకు తట్టని మాట టికెట్లు చించే మనిషికి తట్టింది. నా మీద నాకే కోపం వచ్చింది.

“మరి ఆ గుంట? ఆ నూనె మరక?”

ఆమె ఒక చేత్తో తల తడుముకుంది. “కొబ్బరినూనెలో కరేపాకు ఏసి కాంచుకుంటా అయ్యోరూ. నలభై ఏండ్ల నుంచి అదే.”

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

“ఇంటర్వెల్ దాకా గేటు ఇడిసేదానికి లేదు. స్టూలు లేదు. ఇంటర్వెల్ అయినాక గేటు మూసి, పైకి పోయి కూచునేదాన్ని. హాలంతా నిండినా అదొక్కటే ఖాళీ గదా. రోజుకు నాలుగాటలు. అన్ని సినిమాలూ సగం నుంచే చూసినా. హీరోకు కష్టాలు యాల వచ్చినాయో తెలీదు. ఎట్ల తీరినాయో తెలుసు.”

“ఎవరూ చూడలేదా?”

“ఆ కుర్చీ పక్కకు తిరిగి చూసే ధైర్యం ఎవురికుండాది?” అని నవ్వింది. “దువ్వూరోళ్ళు మర్నాడు సంతకొచ్చి నన్ను కథ అడిగేటోళ్ళు, ఆఖరి బస్సుకు పోయినోళ్ళు. నేను వాళ్ళకు చివర చెప్పేదాన్ని. వాళ్ళు నాకు మొదలు చెప్పేటోళ్ళు.”

పినాకినీ మహల్ చరిత్ర అంటే ఇదే కదా అనిపించింది. అనిపించడం వేరు, అచ్చు వేయడం వేరు. ఓబుళరెడ్డి గారు అప్పటికే మూడు వందల పదో పేజీ దాకా ఆ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన్ని లేపడం నా వల్ల అయ్యే పని కాదు.

“రేపు ఏం చెబుతావమ్మా?”

“అదే తెలీక ఉండా. నిజం చెప్తే కుర్చీకి విలువ పోతాది, హాలు నగలంగడి అవుతాది, నా గది పోతాది. ఒకరి పేరు చెప్తే ఇంకొకరు ఊరుకోరు. ఏం చెప్పల్ల అయ్యోరూ? నువ్వు సదువుకున్నోడివి.”

ముప్పై రెండేళ్ళు పిల్లలకు సత్యం గురించి పద్యాలు బట్టీ పట్టించినవాడిని. టీ బాగుందని మాత్రం చెప్పి వచ్చేశాను. దారి పొడుగునా సిగ్గుగా అనిపించింది.

విచారణ పినాకినీ మహల్లోనే, తెర కింద అరుగు మీద జరిగింది. జమ్మలమడుగు వాళ్ళు పడమటి గేటులో వచ్చారు, వేంపల్లె వాళ్ళు దక్షిణపు గేటులో వచ్చారు. రెండేళ్ళ తర్వాత ఆ హాలు అంత నిండడం అదే మొదటిసారి. ఇద్దరు నాయకులూ వెనక గోడకు ఆనించి వేయించుకున్న ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. నేను అది గమనించి తల దించుకున్నాను.

ఖైరున్నీసా నిలబడింది.

“అమ్మా, ఆ కుర్చీలో నిజంగా ఎవరైనా కూర్చునేవారా?” అని పావని గారు అడిగారు.

“కూచునేది నిజం మేడమ్. రోజూ.”

హాలంతా గుసగుసలు.

“ఎవరు కూర్చునేవారు?”

ఆమె పడమటి పక్క చూసింది. దక్షిణం పక్క చూసింది. నా పక్క కూడా చూసింది. నేను కాగితాల్లోకి చూసుకున్నాను.

“పేరు చెప్పను మేడమ్. అన్ని ఏండ్లు ఎవురికీ అడ్డం లేకుండా, గలాటా లేకుండా, చీకట్లో వచ్చి చీకట్లో పోయిన మనిషి. ఇప్పుడు ఆ మనిషి పేరు చెప్పుకోని మీరు కొట్టుకుంటే ఏం బాగుంటాది?”

“కనీసం ఏ ఇంటి మనిషో చెప్పండి.”

“ఈ హాలే ఇల్లు అనుకున్న మనిషి మేడమ్. అంతే చెప్తా.”

“అదీ మా తాత!” అని మహేష్ రెడ్డి గారు లేచారు. “అదీ మా తాత!” అని హర్షారెడ్డి గారు లేచారు. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. రెండు పక్కలా చప్పట్లు మోగాయి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ రెండు ఊళ్ళ మనుషులు ఒకే మాటకు చప్పట్లు కొట్టడం నేను చూశాను. ఇది మాత్రం పుస్తకంలో రాసుకున్నాను.

పావని గారు కోస్తా నుంచి వచ్చినా ఈ సీమ పద్ధతి వారంలో పట్టేశారు. రాజీ పత్రం అక్కడికక్కడే తయారైంది. మార్నింగ్ షో, మ్యాట్నీల్లో సీ-ఏడు శ్రీ ఓబుళరెడ్డి గారిది. ఫస్ట్ షో, సెకండ్ షోల్లో శ్రీ పీరారెడ్డి గారిది. పండగ రోజుల్లో వేసిన అదనపు ఆటల విషయంలో ఏడాది విడిచి ఏడాది. ఇద్దరు మనవళ్ళూ సంతకాలు చేసి, ఒకరినొకరు కౌగిలించుకుని, ఎవరి గేటులో వాళ్ళు వెళ్ళిపోయారు.

నేను పుస్తకంలో పీరారెడ్డి గారికి మరో నాలుగు వందల పేజీలు కలిపాను. మ్యాట్నీ దాకా ఉన్న కన్నీళ్ళను అలాగే ఉంచి, ఫస్ట్ షో కన్నీళ్ళను విడిగా రాశాను.

పదిహేనో తేదీన ఆవిష్కరణ ఘనంగా జరిగింది. పుస్తకాన్ని వేదిక మీదికి తేవడానికి ఇద్దరు మనుషులు పట్టారు. నాకు శాలువా కప్పారు. ఒక మంత్రిగారు కూడా వచ్చి, తాను చిన్నతనంలో ఈ హాల్లోనే నేలలో కూర్చుని సినిమాలు చూశానని, అప్పుడు వెనక్కి తిరిగి చూస్తే బాల్కనీలో ఇద్దరు మహానుభావులు ఒకే కుర్చీలో కనిపించేవారని చెప్పారు.

ఇక్కడ పాఠకులకు ఒక సంతోషకరమైన విషయం చెప్పాలి. థియేటరును కాపాడడానికి నిధులు మంజూరు కాలేదు గాని, కుర్చీని కాపాడడానికి అయ్యాయి. సీ-ఏడు చుట్టూ గాజు గది కట్టారు. గాజు గదికి ఏసీ పెట్టారు. తలుపుకు తాళం, రెండు పక్కలా రెండు శిలాఫలకాలు. మిగతా పదకొండు వందల ముప్పై తొమ్మిది కుర్చీలు లారీల్లో వెళ్ళిపోయాయి. తెర విప్పి చుట్టేశారు. దువ్వూరు బస్సు స్లైడు కోసం నేను వెతికించాను, దొరకలేదు. కింద హాలును ఒక నగల దుకాణానికి లీజుకిచ్చారు. ఇప్పుడు అమ్మవారి హారాలు, వడ్డాణాలు కొనుక్కుని, అట్నుంచి అటే లిఫ్టులో పైకి వెళ్ళి చరిత్ర కూడా చూసి రావచ్చు.

ఖైరున్నీసా గది ఉంది. గదికి ‘చారిత్రక లేడీస్ కౌంటర్’ అని బోర్డు పెట్టారు. ఆమెకు ఔట్‌సోర్సింగ్‌లో హెరిటేజ్ అటెండెంట్ ఉద్యోగం వచ్చింది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా గాజు గది పక్కన నిలబడి, కుర్చీని ఎవరూ ముట్టుకోకుండా చూడాలి. తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.

చేరిన వారానికి ఆమె నా చేత స్టూలు కోసం అర్జీ రాయించింది. మంచి గ్రాంథికంలో రాశాను. పదిహేను రోజులకు మండలి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. వారసత్వ ప్రాంగణంలో మనుషులు కూర్చోవడానికి వీలున్న మరో వస్తువు ఉంచితే, అసలు చారిత్రక ఆసనం ఏదో తెలియక సందర్శకులు అయోమయానికి లోనయ్యే ప్రమాదం ఉన్నందున అర్జీ తిరస్కరించడమైనది. రెండో అర్జీకి కూడా అదే జవాబు. మూడోదానికి మొదటి రెండు జవాబుల నంబర్లు ఇచ్చారు.

“శెట్టిగారు గూడా మూడుసార్లే అన్నాడు” అంది ఖైరున్నీసా, మోకాలు రుద్దుకుంటూ.

ఆరు నెలలకు పావని గారు తనిఖీకి వచ్చారు. టేపు, భూతద్దం, తేమ కొలిచే మీటరు తెచ్చారు. రిపోర్టు చూసి ఆఫీసంతా నిశ్చేష్టమైంది. నూనె మరక ఆరలేదు. పైగా తాజాగా ఉంది. సీటు గుంట మూడు మిల్లీమీటర్లు లోతెక్కింది. తాళం చెక్కుచెదరలేదు. తాళంచెవి అటెండెంటు వద్ద మాత్రమే ఉన్నందున బయటివారెవరూ లోపలికి వెళ్ళే అవకాశం లేదని రిపోర్టు స్పష్టం చేసింది.

మహేష్ రెడ్డి గారు నాకు ఫోన్ చేశారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

“వస్తాండాడు అయ్యోరూ.”

“ఎవరు బాబూ?”

“మా తాత. మ్యాట్నీకి వస్తాండాడు. సెకండ్ ఎడిషన్ ఎయ్యల్ల.”

సాయంత్రం హర్షారెడ్డి గారు ప్రెస్ మీట్ పెట్టి, మూడు మిల్లీమీటర్లలో ఒకటిన్నర తమదని, అది ఫస్ట్ షోలో పడిందని సౌమ్యంగా ప్రకటించారు. మహేష్ రెడ్డి గారు అభ్యంతరం చెప్పలేదు. రాజీ అంటే అదీ. జమ్మలమడుగు నుంచీ, వేంపల్లె నుంచీ జనం ఆటోల్లో వచ్చి గాజుకు తల ఆనించి దండం పెట్టుకుని, కిందికి దిగి బంగారం ధర అడిగి వెళుతున్నారు. ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం తాతగారి ఏకాంతం దృష్ట్యా సందర్శకులను అనుమతించరు. ఆ నియమం పెట్టమని సూచించింది అటెండెంటే. ఛైర్మన్ గారు వెంటనే ఒప్పుకున్నారు.

రెండో ముద్రణ కోసం నేను పోయిన వారం మధ్యాహ్నం వెళ్ళాను. రెండున్నర అయింది. లిఫ్టు పనిచేయక మెట్లెక్కాను. రొప్పుతూ పైకి చేరేసరికి గాజు తలుపుకు తాళం వేసే ఉంది. లోపల ఏసీ తిరుగుతోంది. ఖైరున్నీసా తలుపు పక్కనే నిటారుగా నిలబడి, కొంగు తల మీదికి సర్దుకుంటోంది. చాలాకాలం తర్వాత ఆమె ముఖం తేటగా కనిపించింది.

“బాగుండావా అయ్యోరూ? ఒక అర్జీ రాసియ్యల్ల.”

“స్టూలు ఇవ్వడం కుదరదని చెప్పారు కదమ్మా, మూడుసార్లు.”

“నాకు గాదు. పెద్దోళ్ళకు. ఆ సీటు లోపల స్ప్రింగు తగులుతాంది. ముసిలి నడుములు గదా, పాపం. ఒక దిండు ఇప్పిస్తే బాగుంటాది.”

నేను గాజులోంచి కుర్చీ వైపు చూశాను. ఆమె వైపు చూశాను. ఆమె కూడా నా వైపే చూసింది, విచారణ రోజున చూసినట్టే. ఈసారి నేను కాగితాల్లోకి తల దించుకోలేదు. జేబులోంచి పెన్ను తీసి, అక్కడే గోడకు కాగితం ఆనించి, ‘మహనీయులైన శ్రీ ఓబుళరెడ్డి, శ్రీ పీరారెడ్డి గార్ల నడుముల సౌఖ్యార్థం’ అని మొదలుపెట్టి, నా ఉద్యోగ జీవితంలో ఎన్నడూ రాయనంత చక్కని అర్జీ రాశాను.

మూడో రోజుకు దిండు వచ్చింది. బూరుగుదూదిది. జరీ అంచు, ఒక పక్క ఓబుళరెడ్డి గారి పేరు, రెండో పక్క పీరారెడ్డి గారి పేరు. ఆట మారినప్పుడల్లా తిప్పిపెట్టే బాధ్యత అటెండెంటుకు అప్పగించారు.

నిన్న ఖైరున్నీసా మళ్ళీ ఫోన్ చేసింది. పెద్దలిద్దరికీ మోకాళ్ళ నొప్పులు కూడా శానా ఉండేవట. కాళ్ళు కింద వేలాడితే వాపు వస్తుందట. పొద్దున అర్జీ పంపాను. సాయంత్రానికే స్టూలు మంజూరైంది.